ఎబినేజర్ చెవిన పడ్డ కొత్త పాట

ఆదివారం చర్చిలో ఆరాధన ముగియగానే ఎబినేజర్ గిటారును సంచిలో పెట్టుకొని బయటికి వస్తాడు. భార్య ఆనందమ్మ బైబిలు చేతపట్టుకొని ఇంటిదారి పడుతుంది. అతను మాత్రం మందమర్రి మార్కెట్ వెనక సందులో ఉన్న రాజం టీవీ రిపేరు దుకాణానికి వెళ్తాడు. అక్కడ ఏళ్ళ తరబడి ఒకే వాదం నడుస్తోంది. ఈ కాలంలో గొప్ప రాక్ సంగీతం అనదగ్గది ఏదైనా వస్తోందా, లేదా?

"లేదు" అన్నది ఎబినేజర్ తీర్పు. దానిమీద అప్పీలు కూడా లేదు.

"అప్పటి పాట మొదలైతే ఛాతీల గుద్దినట్టుండేది. ఇప్పటోళ్ళది ఏమున్నది? నెత్తి మీద దుప్పటి కప్పుకొని పాడినట్టున్నది. డ్రమ్ముల పక్కపొంటి ఇత్తడి ప్లేట్ల చప్పుడేది? తీగె కోస్తున్నట్టుండాలె, అదేది?" అనేవాడు.

రాజానికి ఫలానా పక్షం అంటూ లేదు. దుకాణానికి వచ్చినవాళ్ళలో ఆ రోజు ఎవరు కొంచెం వెనక్కి తగ్గితే వాళ్ళ వైపు చేరి వాదాన్ని మళ్ళీ ఎగదోసేవాడు. సోల్డరింగ్ చేస్తూనే, "ఎబ్బీ, నువ్వు చెప్పేది వింటుంటే దేవుడు తొంభైలల్ల రాక్ దుకాణం బంద్ చేసి తాళం నీ చేతికిచ్చిపోయినట్టున్నది రా" అనేవాడు.

వాళ్ళిద్దరికీ ఈ పిచ్చి పట్టింది పంతొమ్మిది వందల ఎనభై నాలుగులో. రాజం వాళ్ళది సిరిసిల్ల నేతకుటుంబం. మగ్గం వదిలేసి రేడియో పని నేర్చుకొని మందమర్రి చేరాడు. ఎబినేజర్ అప్పుడే బొగ్గు బాయిలో కొత్తగా పనికి కుదిరాడు. ఇరవై మూడేళ్ళ వాడు. చర్చిలో కీర్తనలకు గిటారు వాయించేవాడు. ఒకరోజు కలకత్తా నుంచి వచ్చిన గని ఇంజనీరు ఒకాయన, టేపు చుట్టుకుపోయిన క్యాసెట్‌ను బాగుచేయమని రాజం దగ్గర ఇచ్చి వెళ్ళాడు. రాజం పెన్సిలుతో చుట్టలు విప్పి, సరిగా తిరుగుతోందో లేదో చూద్దామని పెట్టాడు. పక్కనే కూర్చున్న ఎబినేజర్ చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఆ ఇంగ్లీషు రాక్ పాట మాటలు ఒక్కటీ అర్థం కాలేదు. కానీ గిటారును ఇలా కూడా అరిపించవచ్చా అని ఒళ్ళు జలదరించింది. ఆ క్యాసెట్‌ను ఇంజనీరుకు తిరిగి ఇవ్వడానికి రాజానికి మూడు వారాలు పట్టింది. "పార్టులు దొరుకుతలేవు సార్" అని రెండుసార్లు తిప్పి పంపాడు.

ఆ ఏడాది చివర ఇద్దరూ కలిసి పాత వాల్వు రేడియోను విప్పి ఆంప్లిఫైయర్ తయారుచేశారు. కొత్త సంవత్సరం రోజున గని క్లబ్బులో ఎబినేజర్ దానికి గిటారు తగిలించి మొదటి తీగ లాగగానే, ముందు వరసలోని వాళ్ళు పేలిందేమోనని లేచి నిలబడ్డారు. నిలబడిన వాళ్ళు మళ్ళీ కూర్చోలేదు. అదే పాట నాలుగుసార్లు వాయించమన్నారు. తర్వాత పెళ్ళయింది, పిల్లలయ్యారు. ముప్పై మూడేళ్ళు బొగ్గు గోడకు డ్రిల్లు పెట్టి రంధ్రాలు వేశాడు. ఆ మిషన్ మోత మధ్య, నోట్లో దుమ్ముతో, లోపల లోపల ఆ పాటలే పాడుకునేవాడు. ఒక్కో షిఫ్టుకు ఒక్కో క్యాసెట్ పూర్తయ్యేదని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

అతని అక్క కూతురు ప్రిస్కిల్లా కరీంనగర్‌లోని ఒక ఆసుపత్రిలో చెవి పరీక్షలు చేసే ఉద్యోగంలో చేరాక వాదానికి అసలైన ఊపు వచ్చింది. నెలకు రెండు ఆదివారాలు ఆమె మామ ఇంటికి వస్తుంది. అత్త వండిన కూర తినడానికి వచ్చానంటుంది గానీ, ముందు రాజం దుకాణానికే వెళ్తుంది. ఫోన్‌లో కొత్త పాటలు వేసుకొచ్చి దుకాణంలోని పెద్ద స్పీకర్లకు కలుపుతుంది.

"మామా, రాక్ చచ్చిపోలే. జాగ మారింది అంతే. ఇదివరకు పెద్ద పెద్ద కంపెనీలు తీస్తుండె, ఇప్పుడు పోరలు ఇంట్లనే చేస్తున్నరు. ఆడపిల్లలు చేస్తున్నరు. మన తెలుగుల కూడా చేస్తున్నరు. ఇను."

అతను కళ్ళు మూసుకొని శ్రద్ధగానే వినేవాడు. అయ్యాక తల అడ్డంగా ఊపేవాడు. "దుప్పటి బిడ్డా. దుప్పటి కిందికెల్లి వస్తున్నది."

ఒక ఆదివారం ఆమె పెట్టిన పాట సన్నటి గంటల్లాంటి గిటారు తీగలతో మొదలైంది. అర నిమిషం గడిచింది. రాజం అప్పటికే స్క్రూడ్రైవరుతో బల్ల మీద తాళం వేస్తున్నాడు. ఎబినేజర్ కళ్ళు తెరిచి అడిగాడు.

"ఇంక షురూ చేస్తలేవేంది?"

ప్రిస్కిల్లా రాజం వైపు చూసింది. రాజం స్క్రూడ్రైవరు ఆపాడు. ఆమె పాట అయ్యేదాకా మామ ముఖమే చూస్తూ కూర్చుంది. డ్రమ్ములు, లావు తీగలు వచ్చినప్పుడు అతని పాదం కదులుతోంది. సన్నటివి వచ్చినప్పుడు ఆగిపోతోంది.

ఆ మధ్యాహ్నం వంటింట్లో అత్తను, మామకు సరిగ్గా వినబడుతోందా అని అడిగింది. ఆనందమ్మ గరిటె పక్కన పెట్టింది.

"నీకిప్పుడు తెలిసిందా? కుక్కర్ నాలుగు విజిల్లు వేసినా లేవడు. టీవీ పెడితే మూడిండ్ల అవతలి క్వార్టరోళ్ళు వార్తలు వింటరు. అడిగితే, నేనే గొణుగుతున్ననంటడు."

ప్రిస్కిల్లా దాచకుండా మామతోనే చెప్పింది. అతనికి కోపం వచ్చింది.

"ముప్పై మూడేండ్లు బాయిల పనిచేసిన. పైకప్పు పగిలే చప్పుడు అందరికన్న ముందు విని, పది మందిని బయటికి గుంజినోన్ని. నాకు చెవుడంటవా? పాట బాగలేదని చెప్తే చెవుడంటవా?"

"చెవుడని అంటలేను మామా. కొన్ని చప్పుళ్ళు వినవస్తలేవు అంటున్న. నేను తప్పని తేలితే నీ ముందు కొత్త పాట ఒక్కటి పెట్ట. మాటిస్తున్న."

అతన్ని కరీంనగర్ బస్సెక్కించింది ఆ మాటే. వాదం ఒకేసారి గెలిచి వద్దామనుకొని ఇస్త్రీ చొక్కా వేసుకొని మరీ వెళ్ళాడు.

ఆసుపత్రిలో గోడలకు మెత్తలు కొట్టిన చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా చెయ్యి ఎత్తమంది. మొదట గబగబా ఎత్తాడు. తర్వాత చాలాసేపు ఊరికే కూర్చోవాల్సి వచ్చింది. గాజు పలక అవతల ప్రిస్కిల్లా బటన్లు నొక్కుతూనే ఉంది. బయటికి వచ్చాక ఆమె చూపించిన కాగితం మీద గీత కొంతదూరం సమంగా నడిచి, ఒక్కసారిగా కిందికి జారిపోయింది.

"లావు చప్పుళ్ళు మంచిగనే వింటున్నవు. సన్నటివి డ్రిల్లు మోతకు పోయినయి. బాయిల చేసినోళ్ళకు చాలామందికి ఇదే."

"అట్లయితే నా పాత పాటలు? అవి మంచిగనే వింటున్న గద. అండ్ల ప్లేట్లు ఖణఖణ మోగుతయి. అవెట్ల వింటున్న?"

ప్రిస్కిల్లా ఈ ప్రశ్న వస్తుందని ముందే అనుకుంది. మళ్ళీ లోపల కూర్చోబెట్టింది. అతనికి ప్రాణమైన ఆ మొదటి క్యాసెట్‌లోని పాట పెడతానంది. ప్లేట్ల చప్పుడు వచ్చినచోటల్లా చెయ్యి ఎత్తాలి. పాట మొదలైంది. ఎబినేజర్ ముఖం వెలిగింది. ఒక్కచోట కూడా తప్పకుండా, సరిగ్గా దెబ్బకు దెబ్బగా చెయ్యి ఎత్తాడు. చివరి దెబ్బకైతే రెండు చేతులూ ఎత్తాడు.

"చూసినవా?" అన్నాడు బయటికి వస్తూ.

"చూసిన మామా. ఒక్కటి తప్పు పోలే." ఆమె గొంతు మెత్తబడింది. "కానీ ఆ పాటల నుంచి ప్లేట్లు నేను కంప్యూటర్ల తీసేసిన. అండ్ల ఒక్క దెబ్బ గూడ లేదు."

అతను కుర్చీ అంచున కూర్చొని తన చేతులకేసి చూసుకున్నాడు. లేని చప్పుడును అంత కచ్చితంగా ఎవరు వినిపించారు? తానే. నలభై ఏళ్ళ నాడు రాజం పక్కన చాయ్ గ్లాసు పట్టుకొని కూర్చున్న ఆ కుర్రవాడే ఇప్పటికీ లోపల కూర్చొని ప్లేట్లు మోగిస్తున్నాడు. పాత పాటలన్నీ తనకు నోటికి వచ్చు గనుక పోయిన చోటల్లా పూడ్చుకుంటూ వచ్చాడు. కొత్త పాటలకు పూడ్చడానికి తన దగ్గర ఏమీ లేదు.

"అంటే, ఇన్నేండ్ల సంది ఆ పోరలను ఉత్తగనే తిట్టిన్నా?"

"కొందరిని ఉత్తగనే. కొందరు నిజంగనే దండుగ మామా. ఎవరెవరో ఇని చెప్పు."

వారం తర్వాత ఆసుపత్రికి వినికిడి మిషన్లు వచ్చాయి. ఈసారి ఆనందమ్మ కూడా వెంట వెళ్ళింది. రెండు చెవుల వెనక చిక్కుడు గింజంత. అవి పెట్టిన క్షణంలో అతను వెనక్కి తిరిగి చూశాడు. ఆనందమ్మ చేతిలో కాగితం మడుస్తోంది. కాగితానికి అంత చప్పుడుందా? బస్సులో కండక్టరు టికెట్టు చింపితే ఉలిక్కిపడ్డాడు. గోదావరి వంతెన మీద కిటికీ సందులోంచి గాలి ఈల వేస్తుంటే, ఈల వేస్తున్నది ఎవరని వెనక సీట్ల వైపు చూశాడు. ఆనందమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ నవ్వులోని సన్నటి జీర కూడా అతనికి వినబడింది. ఎన్నేళ్ళయిందో దాన్ని విని. మందమర్రి దాకా ఆమెను నవ్విస్తూనే ఉన్నాడు.

అన్నీ సాఫీగా సాగలేదు. మొదటి వారం సంగీతమంతా రేకు డబ్బాల మీద వాన పడ్డట్టు ఉంది. మిషన్లు తీసి సొరుగులో పడేస్తానన్నాడు. ప్రిస్కిల్లా వచ్చి, మిషన్లలో సంగీతానికి వేరే అమరిక పెట్టి, రోజూ కొంచెం కొంచెం వినమంది. రెండో ఆదివారం చర్చిలో తన గిటారు మొదటి తీగ మోగగానే ఎబినేజర్ గతుక్కుమన్నాడు. సూది పెట్టి పొడిచినట్టుంది. వంగి చూస్తే ఆంప్లిఫైయర్‌లో సన్నటి చప్పుడు పెంచే బటన్ ఆఖరిదాకా తిప్పి ఉంది. తనే తిప్పుకుంటూ పోయాడు, ఏటేటా కొంచెం.

ఇంటికి వెళ్తూ భార్యను అడిగాడు. "ఇన్నేండ్ల సంది నేను ఇట్లనే వాయిస్తున్ననా?"

"మరేందనుకున్నవు? దేవునికి ఓపిక ఎక్కువ. మేము మాత్రం చెవుల దూది పెట్టుకొని వస్తుంటిమి."

నెల దాటాక ఒక ఆదివారం అతను రాజం దుకాణంలో కుర్చీ స్పీకర్ల ఎదుటికి లాక్కొని కూర్చున్నాడు. "పెట్టు బిడ్డా. ఆ గంటల పాట."

ఈసారి మొదటి తీగ నుంచే అతని వేళ్ళు మోకాలి మీద కదిలాయి. సన్నటి తీగలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోయి, వాటి మధ్యలోంచి పాడే అమ్మాయి గొంతు అరుపుగా కాక, దాదాపు గుసగుసగా వచ్చింది. ఆ గుసగుసను మోస్తూ డ్రమ్ములు లేచాయి. మొత్తం విరుచుకుపడ్డప్పుడు ఎబినేజర్ కుర్చీలోంచి లేచాడు. మూడుసార్లు పెట్టించుకున్నాడు. మూడోసారి సంచిలోంచి గిటారు తీసి వెంట వాయించబోయి, రెండుచోట్ల తప్పి, పెద్దగా నవ్వాడు.

"గొప్పది" అన్నాడు.

రాజం సోల్డరింగ్ గన్ కింద పెట్టి, "ఏమన్నవు? నాకు వినవస్తలేదు" అన్నాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని.

"గొప్పది అన్న! ఎందుకంటే చెప్త, ఇను. పాత పాటల సగం వాళ్ళది, సగం నాది. నా వయసు, మన క్లబ్బు, నీ వాల్వు రేడియో, అన్నీ కలుపుకొని వింటున్న. గీ పాటకు కలపనీకె నా దగ్గర ఏం లేదు. నా సాయం లేకుంటనే నన్ను లేపి నిలబెట్టింది. ఇగ గొప్ప అంటే ఇంకేం గావాలె?"

ప్రిస్కిల్లా చప్పట్లు కొట్టి ఇంకో కొత్త పాట పెట్టింది. అది అయ్యీ కాకముందే అతను వేలు చూపించాడు. "కానీ దాని తర్వాత పెట్టినవు సూడు, అది దండుగ. ఇప్పుడు మంచిగ వింటున్న కాబట్టి ఇంకా దండుగ."

పాత క్యాసెట్లనూ ఒక్కొక్కటే మళ్ళీ విన్నాడు. కొన్ని తాను అనుకున్నదానికన్నా ఎత్తుకు వెళ్ళాయి. ఒకదాంట్లో మాత్రం, తాను నలభై ఏళ్ళుగా మొక్కుతున్న గిటారు వాద్యం నడిమధ్యలో, ఒక తీగ శ్రుతి తప్పి ఉంది. ఆ మాట రాజానికి చెప్పడానికి మధ్యాహ్నం ఎండలో చెప్పుల్లేకుండా వెళ్ళాడు.

ఆ చలికాలం కరీంనగర్‌లో ఒక ఫంక్షన్ హాలులో ప్రిస్కిల్లా స్నేహితులు ముగ్గురు తమ సొంత తెలుగు పాటలు వాయించారు. ఎబినేజర్, ఆనందమ్మ, రాజం కలిసి వెళ్ళారు. కార్యక్రమం అయ్యాక ప్రిస్కిల్లా, తనతో పనిచేసే ఓంప్రకాశ్‌ను తీసుకొచ్చి పరిచయం చేసింది. ముప్పై ఏళ్ళుంటాయేమో అతనికి. మర్యాదగా నమస్కారం పెట్టి, పెద్దాయనకు నచ్చే మాటే అనబోయాడు.

"గిప్పటోళ్ళది ఏమున్నది గని అంకుల్, మీ కాలంలదే అసలు రాక్."

ఎబినేజర్ చేతిలోని చాయ్ గ్లాసును రాజానికి అందించాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఎవరు చెప్పిన్రు నీకు? జర ఇట్ల కూసో" అన్నాడు.

ఆనందమ్మ వాచీ చూసుకొని, ఊరికి పోయే బస్సు ఇక తప్పినట్టేననుకొని, పక్కనున్న కుర్చీ లాక్కొని తీరిగ్గా కూర్చుంది.