ముక్కు మామయ్య మెచ్చిన బండి

మామయ్య వాసన చూడకుండా ఏదీ కొనడు. పళ్లో కూరగాయలో అయితే అందరూ చూస్తారు, అందులో వింతేమీ లేదు. మామయ్య గొడుగు వాసన చూస్తాడు. బల్బు వాసన చూస్తాడు. ఒకసారి గోడగడియారం కొనడానికి వెళ్లి, దాన్ని అద్దంలా మొహానికి ఎదురుగా పట్టుకుని గట్టిగా పీల్చి, "ఇది రోజుకి పది నిమిషాలు వెనకబడుతుంది" అని తిరిగిచ్చేశాడు. కొట్టాయన పంతానికి పోయి ఆ గడియారాన్ని వారం రోజులు గమనించాడు. పన్నెండు నిమిషాలు వెనకబడింది. ఆ రెండు నిమిషాల తేడాకి మామయ్య చాలాకాలం బాధపడ్డాడు.

ఫ్రిజ్ కొన్నరోజు సంగతి ఇంకా ఘోరం. తల లోపల పెట్టి, తలుపు భుజాల దాకా మూసుకుని ఎంతకీ బయటికి రాలేదు. షాపు మేనేజరు అంబులెన్సుకి ఫోను చేయబోతుంటే తల బయటికి తీసి, "పక్కది చూపించండి" అన్నాడు.

బంధువులందరికీ ఆయన ముక్కు మామయ్యే. ఎవరింట్లో ఏ పెద్ద వస్తువు కొనాలన్నా ఆ ముక్కు ఒప్పుకోవాల్సిందే. ఆ ముక్కుని లెక్కచేయని మనిషి లోకంలో ఒక్క అత్తయ్యే.

"పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, పొయ్యి పక్కనే పేపరు చదువుతూ కూర్చున్నారు. ఆ ముక్కు ఎందుకండీ?"

"నాది కొనుగోళ్ల ముక్కే. ఇంటిపనులకి వాడితే మొద్దుబారిపోతుంది."

మేనకోడలికి ఉద్యోగం వచ్చింది. నీళ్లు పరీక్షించే ప్రయోగశాలలో పని. కొండ అవతల ఉన్న ఊళ్లన్నీ తిరిగి, ట్యాంకుల్లోంచీ బోర్లలోంచీ నీళ్లు సీసాల్లో పట్టి, మధ్యాహ్నంలోగా తెచ్చి ఇవ్వాలి. సొంత బండి ఉన్నవాళ్లకే ఆ ఉద్యోగం. చేరాల్సింది ఒకటో తారీఖున. అప్పటికి ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి.

ఆ పిల్ల మనసు ఎప్పట్నుంచో క్రూయిజరు బైకు మీద ఉంది. కిందికి దిగిన సీటు, వెడల్పాటి హ్యాండిలు, కుర్చీలో కూర్చున్నట్టు హాయిగా చాచే కాళ్లు. కొత్తది కొనే తాహతు లేదు కాబట్టి వాడినదే కొనాలి. లైసెన్సు వచ్చి ఏడాదైంది గానీ, ఇప్పటిదాకా నడిపిందల్లా పక్కింటివాళ్ల స్కూటరు.

వాళ్లమ్మ ఒకే ఒక్క షరతు పెట్టింది. "మీ మామయ్య సరేనంటే కొనుక్కో. వాడు వద్దంటే ఆ మాట ఇంక ఎత్తకు."

మామయ్య విషయమంతా శ్రద్ధగా విని ఒకే ప్రశ్న వేశాడు. "సీసాల పెట్టె పొడవెంత?"

"రెండు జానలుంటుంది. ఎందుకు మామయ్యా?"

"ఊరికే" అన్నాడు మామయ్య.

మొదట చూసింది మామయ్యకి తెలిసిన మెకానిక్ షెడ్డులో. ముదురు ఎరుపు రంగు బండి, వయసు తొమ్మిదేళ్లు. ట్యాంకు మీద ఒక చిన్న సొట్ట తప్ప వంక పెట్టడానికేమీ లేదు. మేనకోడలు ఎక్కి కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాయి. అంతే, ఆ పిల్ల మనసు అక్కడే ఆగిపోయింది.

ఆమె వెంటనే ముక్కు వంక చూసింది. "వాసన చూడు మామయ్యా."

"చల్లటి బండికి వాసనేముంటుందే? నడిపి రా. వేడెక్కితేనే అసలు వాసన బయటికొస్తుంది."

మేనకోడలు బయల్దేరింది. గేటు దాటకముందే ఇంజను మూడుసార్లు ఆగింది. నాలుగోసారి బండి ఎగిరి దూకినట్టు వీధిలోకి వెళ్లింది. తిరిగొచ్చి ఆపుతుంటే ఒక పక్కకి ఒరిగిపోయింది. మెకానిక్ పరుగున వచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఆమె మొహం తెల్లబోయింది. ఎవరైనా ఒక్క మాట అంటే ఏడ్చేసేలా ఉంది.

మామయ్య అప్పటికే బండి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఇంజను దగ్గర ముక్కు పెట్టి, కళ్లు మూసుకుని పీల్చాడు.

"పడలేదు" అన్నాడు లేస్తూ.

"ఏం వాసన మామయ్యా?"

"తొందర వాసన."

"బండికి తొందర వాసనేంటి?"

"నీకు అర్థం కాదులే. పద, వేరేది చూద్దాం."

రెండోది ఒక బండ్ల వ్యాపారిది. పెయింటు తళతళా మెరిసిపోతోంది. వేడెక్కించడానికి మామయ్య ఆమెని కొండవీధి పైదాకా పంపించాడు. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించేసరికి ఆమెకి చెమటలు పట్టాయి. తిరిగొచ్చాక మామయ్య బండి కిందికి వంగి, పక్కకి వంగి, దాదాపు దాని కింద పడుకుని మరీ వాసన చూశాడు.

"ఏంటండీ, బండి కొంటారా, భోంచేస్తారా?" అన్నాడు వ్యాపారి.

"బండి మంచిదేనండీ. నా ముక్కుకే పడలేదు" అన్నాడు మామయ్య ఎంతో మర్యాదగా. ముక్కుతో వాదన ఎలా పెట్టుకోవాలో తెలియక వ్యాపారి తాళం చెవి అందుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మూడోది ఒక ఫోటోగ్రాఫరుది. కొన్నప్పట్నుంచీ దాని మీద జనాన్ని కూర్చోబెట్టి ఫోటోలు తీయడమే తప్ప పట్టుమని పది మైళ్లు నడిపింది లేదు. కంకర రోడ్డు మీద వేడెక్కించారు. "సోమరి వాసన" అన్నాడు మామయ్య. నాలుగోదాన్ని సాయంత్రం సంత వీధిలో, తోపుడుబండ్ల మధ్య నత్తలా నడిపిస్తూ వేడెక్కించారు. దాని వాసన ఏమిటో మామయ్య చెప్పలేదు. చెప్పే వాసన కాదన్నాడు.

అయిదోది ఒక పళ్ల డాక్టరుది. ఆయన తాళం చెవి ఇచ్చి వెనక్కి తీసుకున్నాడు, మళ్లీ ఇచ్చాడు. ఈసారి మామయ్య కూడా వెనక ఎక్కాడు. ఇద్దరి బరువుతో వేడెక్కితేగానీ తేలదట. ఊరి చివరిదాకా వెళ్లొచ్చాక మామయ్య బండిని కాదు, డాక్టరునే చూశాడు.

"దిగులు వాసన వస్తోంది డాక్టరుగారూ. మేం తీసుకోలేం. మీరే ఉంచేసుకోండి."

"అంతేనంటారా?" అన్నాడు డాక్టరు, పోయిన పన్ను మొలిచినంత సంతోషంగా.

అలా రోజులు కరిగి నాలుగు మిగిలాయి. ఆరో బండినీ పీల్చి మామయ్య తల అడ్డంగా ఊపేసరికి మేనకోడలికి ఓపిక నశించింది.

"మామయ్యా, ఆ ముక్కుకి ఏ బండీ నచ్చదు. నా ఉద్యోగం పోయాక దాని వాసన కూడా చూసి పెట్టు!"

మామయ్య నొచ్చుకోలేదు. పైగా ఏదో గుర్తొచ్చినట్టు నవ్వాడు. "ఇందాక సంత వీధిలో లారీ అడ్డం వస్తే ఏం చేశావు?"

"ఏముంది, ఆగాను. కాలు కింద పెట్టాను. లారీ వెళ్లాక కదిలాను. దానికీ దీనికీ సంబంధమేంటి?"

"ఏం లేదు. రేపొక్కటి చూద్దాం."

రేపటిదాకా ఆగే ఓపిక ఆమెకి లేదు. తిన్నగా మెకానిక్ షెడ్డుకి వెళ్లింది. ఎర్ర బండి ఈపాటికి ఎవరో కొనేసి ఉంటారని తెలుసు. అయినా ఎవరు కొన్నారో కనుక్కుంటే, వాళ్ల కాళ్లయినా పట్టుకోవచ్చనుకుంది.

షెడ్డు మూలన దుప్పటి కప్పి ఏదో ఉంది. దుప్పటి ఎత్తింది. ఎర్ర బండే. ట్యాంకు మీది సొట్ట అలాగే ఉంది. వెనక మాత్రం రెండు పక్కలా కొత్తగా ఇనప చట్రాలు బిగించి ఉన్నాయి. ఆమె జాన పెట్టి కొలిచింది. సరిగ్గా రెండు జానలు.

"ఇది అమ్మలేదా?"

మెకానిక్‌కి ఎడమ చెవి వినపడదు. కుడి చెవి తిప్పి మళ్లీ అడిగించుకున్నాడు. "అమ్మడమేంటి? ఎవరికీ చూపించొద్దని మీ మామయ్య దుప్పటి కూడా తనే తెచ్చి కప్పాడు. ఆ చట్రాలు దగ్గర కూర్చుని చేయించాడు."

"వాసన పడలేదన్నాడుగా!"

మెకానిక్ రెంచి కింద పెట్టి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

"వాసనా? మేమిద్దరం పెయింటు ఫ్యాక్టరీలో పదేళ్లు పనిచేశాం తల్లీ. మిషను మోతకి నా చెవి పోయింది, రంగుల ఘాటుకి మీ మామయ్య ముక్కు పోయింది. ఇప్పటికి పద్దెనిమిదేళ్లు. ఆ ముక్కు కింద చచ్చిన ఎలకని పెట్టినా తెలియదు."

మేనకోడలు అక్కడున్న పాత టైరు మీద కూలబడింది. "మరి ఆ పీల్చడమంతా?"

"వంగితేనే కదా అతుకులు కనపడేది. ఆ వ్యాపారి బండికి చట్రం విరిగితే వెల్డింగు పెట్టి రంగేశారు. ఆ మాట పదిమందిలో అంటే ఆ మనిషి పరువేం కాను? నా ముక్కుకి పడలేదంటే ఎవరికీ నొప్పి ఉండదు."

"మరి దీనికేమైంది? దీనికి వెల్డింగు లేదుగా?"

మెకానిక్ రెంచి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "బండికేం కాలేదు తల్లీ. ఆ రోజు నిన్ను చూసి, 'బండి సిద్ధమేరా, పిల్లే ఇంకా సిద్ధం కాలేదు. ఆ మాట మొహం మీద అంటే మళ్లీ బండి ముట్టుకోదు' అన్నాడు."

ఎత్తు, కంకర రోడ్డు, సంత వీధి, వెనక బరువు. ఆమె ఒక్కొక్కటే తలుచుకుంది. పద్దెనిమిది రోజుల్లో ఆరు బండ్లు వేడెక్కాయని ఇన్నాళ్లూ అనుకుంటోంది.

మర్నాడు మామయ్య ఏమీ ఎరగనట్టు అదే షెడ్డుకి తీసుకొచ్చాడు. "పాతదే ఇంకోసారి చూద్దాం. వాతావరణం మారితే వాసన మారుతుంది." మెకానిక్ చప్పున పనిముట్ల పెట్టె వైపు తిరిగి, అందులో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

"వేడెక్కించి రానా మామయ్యా?"

"కొండ దాటి రా."

ఆమె హెల్మెట్ పెట్టుకుని వెళ్లింది. కొండ ఎక్కింది, దిగింది. అవతల మొదటి ఊళ్లో నీళ్ల ట్యాంకు కింద ఆగి, వెనక్కి తిప్పుకుని వచ్చింది. షెడ్డు ముందు ఆపినప్పుడు బండి ఇసుమంత కూడా ఒరగలేదు. మామయ్య గొంతుక్కూర్చున్నాడు. ఈసారి చాలాసేపు పీల్చాడు.

"బాగుంది."

"తొందర వాసన పోయిందా?"

"పూర్తిగా పోయింది. మీ అమ్మకి చెప్పు, మామయ్య సరేనన్నాడని."

ఇంటికి వెళ్లేటప్పుడు మామయ్య వెనక కూర్చున్నాడు. సోమవారం మధ్యాహ్నం కావడంతో రోడ్డు ఖాళీగా ఉంది. మలుపు తిరగగానే వెనకనుంచి పెద్దగా ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది.

"ఆహా! బేకరీలో రొట్టెలు ఇప్పుడే దించినట్టున్నారు. ఇక్కడిదాకా కొడుతోంది వాసన."

మేనకోడలు పక్కకి చూసింది. బేకరీ షట్టరు మూసి ఉంది. సోమవారం సెలవని దాని మీద బారెడు బోర్డు వేలాడుతోంది.

"అవును మామయ్యా" అంది గేరు మారుస్తూ, "కొంచెం మాడినట్టు కూడా ఉన్నాయి."

"నేనూ అదే అనబోతున్నా" అన్నాడు మామయ్య.