ఏడో పాఠం మీద అనుమానం

హిందూపురం చింతపండు మండీలో చెన్నకేశవులు శెట్టి చెయ్యి దూరని బస్తా లేదు. మిగతా వ్యాపారులు మూతి విప్పి పైన కనిపించే పండు చూసి బేరానికి దిగితే, ఆయన చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, మోచెయ్యి మునిగేదాకా బస్తాలోకి పోనిచ్చి, అడుగున ఉన్నది పిడికెడు లాగి బయటికి తీసేవాడు. పైన పెట్టేది చూపించడానికి, అడుగున పెట్టేది అంటగట్టడానికి అన్నది ఆయన సిద్ధాంతం.

అది బస్తాల దగ్గర ఆగి ఉంటే ఎవరికీ బాధ లేకపోయేది. పాలాయన నవ్వుతూ పాలు పోస్తే నీళ్లు కలిపాడనేవాడు, నవ్వకుండా పోస్తే ఇంకా ఎక్కువ కలిపాడనేవాడు. పెళ్లి భోజనం బాగుంటే ఆ ఇంట్లో ఏదో కప్పిపుచ్చుతున్నారని తేల్చేవాడు. "మా ఇంటాయన గుళ్లో తీర్థం ఇచ్చినా వాసన చూసి తాగే రకం" అని భార్య వెంకటలక్ష్మి చుట్టాలందరి ముందూ చెప్పేది. ఆయన దాన్ని పొగడ్త కిందే జమకట్టుకునేవాడు.

డెబ్బై ఒకటో ఏట అంగడి కొడుకు అరవింద్‌కు అప్పజెప్పి ఇంట్లో కూర్చున్నాక అనుమానించడానికి సరుకు కరువైంది. ఆ కరువు తీర్చడానికే అన్నట్టు వాళ్ల కులసంఘం ప్రెసిడెంటు సత్యనారాయణ ఒకరోజు పొద్దున్నే ఒక పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు ఊళ్లలోనూ వాళ్ల సంఘానికి సత్రాలున్నాయి. ప్రతి ఆదివారం పొద్దున రెండు గంటలు ఆ సత్రాల్లో పిల్లలకు బడి నడుస్తుంది. ఒకటో తరగతి నుంచి అయిదో తరగతి దాకా పిల్లలు వస్తారు. నాలుగు శ్లోకాలు, రెండు కథలు, కాస్త మంచీ చెడ్డా, చివర ఒక అరటిపండు. ఇంతకాలం ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకుపోయారు. ఈ ఏడు మూడు చోట్లా ఒకే పుస్తకం పెట్టాలని సంఘం తీర్మానించింది. ధర్మవరంలో పట్టుచీరల అంగడి వాళ్ల కోడలు ప్రమోద పెళ్లికి ముందు నాలుగేళ్లు చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పింది. ఆమే పన్నెండు పాఠాలు రాసి, బొమ్మలు వేసి, జెరాక్సు తీయించి పంపింది.

"నువ్వు చూసి సరే అంటే ఇంకెవురూ వంక పెట్టరప్పా. పిల్లోళ్లకు సరిపోతుందా లేదా, ఈ కాగితం మీద రాసియ్యి" అన్నాడు సత్యనారాయణ.

"ఆ యమ్మ ఏం అడిగింది దీనికి?"

"ఏమీ అడగలేదు. ఊరికే రాసిచ్చింది."

"ఊరికేనా?" అన్నాడు చెన్నకేశవులు. ఆయన కళ్లు మండీలో ఉన్నప్పటిలాగా చిన్నవయ్యాయి.

మూడు రోజులు పుస్తకం వదల్లేదు. మొదటి పాఠం చదవలేదు, అది పైన పెట్టిన పండు. మధ్యలో తెరిచి చదివాడు, చివరి నుంచి వెనక్కి చదివాడు. నిజం చెప్పాలంటే పని గట్టిగానే చేశాడు. రెండో పాఠంలో వాక్యాలు పొడుగని, ఒకటో తరగతి పిల్లకు అంత ఊపిరి ఉండదని రాశాడు. నాలుగో పాఠంలో అగ్గిపుల్లలతో ఇల్లు కట్టమని ఉంటే, పిల్లల చేతికి అగ్గిపెట్టె ఇచ్చేది ఏ బుద్ధి అని రాసి కింద రెండు గీతలు కొట్టాడు. అయిదో పాఠంలో ఆవు బొమ్మకు కొమ్ములు మరిచిపోయిన సంగతి కూడా కనిపెట్టాడు. వీటన్నిటికీ లోలోపల సంతోషపడుతూ ఏడో పాఠానికి వచ్చాడు.

ఏడో పాఠం పేరు 'వెండి గ్లాసు'. ఒకామె ఇంట్లో వెండి గ్లాసు పోయింది. పనిమనిషే తీసిందని ఆమె వీధి వీధంతా చెప్పింది. పనిమనిషికి ఇంక ఎవరూ పని ఇవ్వలేదు. కొన్నాళ్లకు బియ్యం డబ్బా అడుగున గ్లాసు దొరికింది. ఆమె దాన్ని చీరకొంగులో దాచుకుంది, ఎవరికీ చెప్పలేదు. కథ అంతే. కింద ఒక ప్రశ్న: 'ఇప్పుడు ఆమె ఏం చేయాలి?' దాని కింద నాలుగు ఖాళీ గీతలు. జవాబు ఆ పేజీలో లేదు, పుస్తకం వెనకా లేదు.

చెన్నకేశవులు ఆ పేజీని ఇంకోసారి మొదటి నుంచి చదివాడు.

ఎనిమిదేళ్ల కింద ఆయన నీలం రాయి ఉంగరం పోయింది. ఆ రోజు నూరు బస్తాల దాకా చింతపండు దిగింది. దించింది కొండప్ప. ఇరవై రెండేళ్లు ఆయన అంగట్లోనే బస్తాలు మోసిన హమాలీ. సాయంత్రం చెయ్యి కడుక్కోబోతే వేలికి ఉంగరం లేదు. తొట్టి దగ్గర కొండప్ప నిలబడి ఉన్నాడు. అంతే. పోలీసుల దాకా పోలేదు, కేకలు వెయ్యలేదు. మర్నాడు మండీలో నలుగురు వింటుండగా "కొండప్ప చెయ్యి మంచిది కాదు" అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది. నెల తిరిగేసరికి హిందూపురంలో కొండప్ప భుజం మీద బస్తా పెట్టేవాడు లేకపోయాడు. పెళ్లాం ఉలిగమ్మనూ కూతురు అశ్వినినీ తీసుకుని పెనుకొండ వెళ్లిపోయాడు.

పద్నాలుగు నెలల తర్వాత కోల్డ్ స్టోరేజీలో దాచిన పాత సరుకు బయటికి తీయించి, అలవాటు ప్రకారం ఒక బస్తా అడుగుకు చెయ్యి దూర్చాడు చెన్నకేశవులు. పండుతో పాటు ఉంగరం వచ్చింది. చుట్టూ చూసి జేబులో వేసుకున్నాడు. బీరువాలో పాత పంచాంగం కింద పెట్టి తాళం వేశాడు. చెప్దామని ఒకటి రెండుసార్లు అనుకోకపోలేదు. ఆలస్యమైపోయిందిలే అని ఊరుకున్నాడు. అది సిగ్గు. ఆయన దాన్ని మర్యాద అనుకున్నాడు.

ఇప్పుడు ఈ పాఠం. ఇది తన సంగతే, అనుమానం లేదు. ఉంగరాన్ని గ్లాసు చేసింది, చింతపండును బియ్యం చేసింది, మగవాణ్ణి ఆడదాన్ని చేసింది. కావాలనే మార్చింది. మార్చడమే అసలు సాక్ష్యం! కానీ ఉంగరం దొరికిన సంగతి తనకు తప్ప ఎవరికి తెలుసు?

ముందు అనుమానం భార్య మీదికే పోయింది.

"నా బీరువా ఎవరన్నా తెరిచినారా?"

"తాళంచెయ్యి నీ మొలతాడుకే ఉండాది కదా. ఏం పోయింది?" అంది వెంకటలక్ష్మి.

"ఏమీ పోలేదు."

"పోకుండానే అడుగుతాండావా? ఇది కొత్త జబ్బు" అని ఆవిడ పోపు మాడుతోందని లేచి వెళ్లిపోయింది.

ఆమె కాదు. మరైతే కోల్డ్ స్టోరేజీలో బస్తాలు తీసినవాళ్లలో ఎవడో చూసి ఉండాలి. వాడు పెనుకొండ పోయి కొండప్పకు చెప్పి ఉండాలి. కొండప్ప ధర్మవరం పోయి ఆ టీచరమ్మకు చెప్పి ఉండాలి. రేపు మూడు ఊళ్లలో పిల్లలు ఈ కథ చదువుతారు, ఇళ్లలో చెప్తారు, పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఏడో పాఠం తీసేయమని రాద్దామని పెన్ను పట్టుకున్నాడు. ఎందుకు తీసేయాలో కారణం రాయాల్సిన గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఆదివారం పొద్దున్నే రైలెక్కి ధర్మవరం వెళ్లాడు. ప్రమోద అక్కడ అప్పుడే చెప్పి చూస్తున్న పాఠాలు పిల్లలకు ఎట్లా పడుతున్నాయో కళ్లారా చూడాలని, అగ్గిపుల్లల వంకతో పాటు, సత్యనారాయణకు ముందే ఫోన్లో చెప్పాడు. ప్రమోద సత్రం గుమ్మంలోనే ఎదురొచ్చి కుర్చీ వేయించింది. ముప్పై ఏళ్ల మనిషి, చేతికి సుద్దముక్క పొడి.

"మామా, అగ్గిపుల్లల సంగతి మీరు చెప్పింది నిజమే. సత్యనారాయణ మామ ఫోన్ చేసినాడు. ఐస్‌క్రీం పుల్లలు పెడతా."

"అది సరేలేమ్మా. ఏడో పాఠం... ఈ కథ నీకు ఎవరు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు మామా, నేనే రాసినా. బాగలేదా?" అని ఆమె తల వంచి పుస్తకంలో ఆ పేజీ వెతికింది.

తల వంచింది. చెన్నకేశవులుకు అదొక్కటి చాలు.

ఆ రోజు ఆమె ఏడో పాఠమే చెప్పింది. ఆయనకు వినిపించాలనే చెప్పిందని ఆయన నమ్మకం. పిల్లలు చాప మీద కూర్చుని విన్నారు. అయ్యాక ఆమె ప్రశ్న అడిగితే అందరూ ఒక్కసారే అరిచారు. ఆదిత్య అనే మూడో తరగతి పిల్లాడు లేచి, "గ్లాసు యాడన్నా బావిలో పారేస్తే సరి మిస్, ఎవురికీ తెల్దు" అన్నాడు. పిల్లలందరూ నవ్వారు. నవ్వనిది ఒక్క చెన్నకేశవులే. హరిణి అనే చిన్న పిల్ల, ముందు రెండు పళ్లు ఊడినది, చెయ్యెత్తి, "పనామె ఇంటికి పోయి చెప్పాల. ఆడ వాళ్ల పాపకు గూడా చెప్పాల" అంది.

"పాపకు ఎందుకమ్మా?" అని అడిగింది ప్రమోద.

"వాళ్లమ్మ దొంగ అని ఆ పాప బళ్లో అందురూ అంటాంటారు కదా."

ఇది కూడా నేర్పించిందే అనుకున్నాడు. అయినా ఆ పిల్ల వైపు మళ్లీ చూడలేకపోయాడు. అరటిపండు ఇవ్వబోతే వద్దని స్టేషన్‌కు నడిచాడు.

తిరుగు రైలు పెనుకొండలో ఆగింది. దిగాలని అనుకోలేదు, దిగాడు. ఈ గుట్టు ఎక్కడ మొదలైందో అక్కడే పట్టుకుంటే టీచరమ్మ నోరు దానంతట అదే మూతపడుతుందని లెక్క వేసుకున్నాడు. బయట ఆటోవాణ్ణి అడిగితే ఎరువుల అంగడి వెనక సందు చూపించాడు.

కొండప్ప రేకుల కొట్టం ముందు కూర్చుని దబ్బనంతో చిరిగిన గోతం కుట్టుకుంటున్నాడు. తల పూర్తిగా నెరిసింది. ఎవరో పోల్చుకుని గబగబా లేచి, భుజం మీది తువ్వాలు తీసి స్టూలు తుడిచాడు.

"ఏం సామీ, ఇంత దూరం వచ్చినావు? నీళ్లు తెస్తా."

"నీళ్లొద్దు. ధర్మవరం టీచరమ్మకు నువ్వేనా చెప్పింది?"

"యా టీచరమ్మ?"

"ప్రమోద. తెల్దన్నట్టు మాట్లాడొద్దు."

"ధర్మవరంలో నాకెవురు తెలుసు సామీ? ఏం చెప్పినానంట?"

చెన్నకేశవులుకు కోపం ముంచుకొచ్చింది. మండీలో అమ్మేవాడు బొంకినప్పుడు వచ్చే కోపం అది. ఆ కోపంలో ఆయన నోరు ఏనాడూ ఆగలేదు.

"అబద్ధాలు చెప్పొద్దు కొండప్పా! ఉంగరం దొరికిందని కోల్డ్ స్టోరేజీ వాళ్లు నీకు చెప్పినారు, నువ్వు పోయి ఆ యమ్మకు చెప్పినావు, ఆ యమ్మ పుస్తకంలో రాసి పెట్టింది!"

కొండప్ప తువ్వాలు భుజం మీద వేసుకోబోయి ఆగాడు. సందులో ఎక్కడో కుక్కర్ విజిల్ వేసింది.

"ఉంగరం దొరికిందా సామీ?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని ఎంతమందిని వెక్కిరించి ఉంటాడో ఆ పెద్దమనిషి. ఇప్పుడు ఆయనను వెక్కిరించడానికి అక్కడ ఎవరూ లేరు. కొండప్ప మొహంలో ఏ కపటమూ లేదు, వెతికినా లేదు. ఇతనికి ఏమీ తెలియదు. ప్రమోదకూ ఏమీ తెలియదు. ప్రపంచంలో ఎవరికీ ఏమీ తెలియదు. ఈ నిమిషం దాకా.

"ఎప్పుడు దొరికింది?"

అబద్ధం చెప్పొచ్చు. నిన్ననే అనొచ్చు. నాలుక మీదికి ఆ మాటే వచ్చింది కూడా.

"ఏడేళ్లవుతుంది" అన్నాడు చెన్నకేశవులు. "బస్తాలోనే ఉండింది. నా చెయ్యి నుంచే జారిపోయింది."

కొండప్ప స్టూలు పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. తిడతాడనుకున్నాడు శెట్టి. తిట్టి ఉంటే బాగుండేది. కొండప్ప కుడుతున్న గోతం పక్కకు నెట్టాడు.

"ఉలిగమ్మ పోయి ఎనిమిది నెల్లయింది సామీ."

"అయ్యో, నాకు తెల్దు కొండప్పా."

"నీకెట్లా తెలుస్తుంది. అది నన్ను ఒక్క మాట అన్లేదు ఎప్పుడూ. నా మొగుడు తీయలేదు అని అందరితో కొట్లాడేది. పోయే ముందురోజు మాత్రం నన్ను దగ్గరికి పిలిచి మెల్లిగా అడిగింది. 'నిజంగా తీసింటే ఇచ్చేయప్పా, ఇంకేం భయం' అన్నది." అతను తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఏడేళ్లంటే, అది బతికే ఉండింది కదా సామీ. ఒక కార్డు ముక్క రాసింటే చాలు. చదివించుకునేది."

చెన్నకేశవులు జీవితంలో మొదటిసారి ఎదుటి మనిషి మాటకు అడుగున ఏముందో చూడాలనిపించలేదు. ఉన్నదంతా పైనే ఉంది. చేతులు జోడించబోయాడు. కొండప్ప ఆ చేతులు పట్టుకుని ఆపేశాడు.

"నాకు దండమెందుకు సామీ. నేను తీయలేదని నాకు తెలుసు." లోపలికి తిరిగి గట్టిగా పిలిచాడు. "అశ్వినీ! ఇట్ల రా మా. హిందూపురం శెట్టి వచ్చినాడు."

పిండి చేతులతో కూతురు గుమ్మంలోకి వచ్చింది. ఎవరో గుర్తుపట్టగానే ఆమె మొహం బిగుసుకుపోయింది. ఇరవై రెండేళ్లుంటాయి. మండీలో ఆ మాట అన్ననాడు ఆమెకు పద్నాలుగు.

"ఇప్పుడు నాకు చెప్పింది, దీనికి గూడా చెప్పు సామీ" అన్నాడు కొండప్ప. "మొదట్నుంచి చెప్పు. వాళ్లమ్మకు సందేహం ఉండె. దీనికి ఉండాదో లేదో అడగాలంటే నాకు ఎనిమిదేళ్లూ భయమే."

చెన్నకేశవులు స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. నలుగురు వింటుండగా అన్న మాట అది, ఒక ఆడపిల్ల ముందు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. చెప్పాడు. మధ్యలో నీళ్లు అడిగి తాగి, మిగిలింది కూడా చెప్పాడు.

అశ్విని ఆయన వంక ఒక్కసారి కూడా చూడలేదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా వాళ్ల నాయన మొహమే చూస్తూ ఉంది. చివరికి వచ్చి అతని పక్కన నేల మీద కూలబడి, "నన్ను క్షమించు నాయనా" అంది.