మగ్దలేనమ్మ వెనక్కి తీసుకున్న సాక్ష్యం

ఉమ్మి అడుక్కునే పని మగ్దలేనమ్మది. అరకు లోయలో ఊరూరా తిరగాలి. ఆడపిల్లల చేత చిన్న ప్లాస్టిక్ గొట్టంలో గీత దాకా ఉమ్మించి, మూత బిగించి, నంబరు అంటించి పంపాలి. తిండి మానేసే జబ్బు, తిని కక్కేసే జబ్బు మనుషులకు ఎందుకొస్తాయో, రక్తంలోంచి ఎంతో, బతికే ఇంట్లోంచి ఎంతో బెంగుళూరులో ఎవరో పెద్దవాళ్లు తేలుస్తున్నారట. మిషన్ ఆసుపత్రిలో ఇరవై ఏళ్లు ఆయాగా చేసి, అది మూతపడ్డాక ఇంట్లో కూర్చున్న మనిషికి ఆ పని దొరకడమే గొప్ప.

పని ఆమెకు బాగా పట్టుబడింది. ఉమ్మి రాక తంటాలు పడే పిల్లల ముందు చతికిలబడి, "పచ్చి సింతకాయే! ఉప్పూ కారం అద్దుకుని, పళ్లు పులిసిపోయేలాగ కొరికితే ఎలాగుంటాది?" అనేది. నవ్వుతూనే వాళ్ల నోళ్లు ఊరేవి. "మాటల్తోనే కడుపు నింపీసేలాగున్నావు, ఇంక వండడం దేనికి?" అని ఒక ముసలమ్మ ఎకసెక్కమాడింది.

తర్వాత కాగితం మీది ప్రశ్నలు చదివేది. "తినకుండా ఉన్నందుకు మిమ్మల్ని ఎవరైనా మెచ్చుకున్నారా?" ఆ ప్రశ్న వినగానే కొండ పల్లెల్లో అందరూ పకపకా నవ్వేవారు. మగ్దలేనమ్మ కూడా నవ్వి 'లేదు' దగ్గర టిక్కు పెట్టేది.

ఇంట్లో మెచ్చుకున్నది మాత్రం ఆమే.

కూతురు మెర్లిన్‌కు పందొమ్మిది. నర్సింగ్ సీటు రెండుసార్లు తప్పింది. ఆ ఏడాది ఈస్టరు ముందు నలభై రోజుల ఉపవాస ప్రార్థన పట్టింది. పగలంతా మంచినీళ్లు, సాయంత్రం గ్లాసుడు గంజి. ఆఖరి ఆదివారం మగ్దలేనమ్మ గుడిలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పింది. "మా గుంట నలబై రోజులూ నిలబడ్డాది. దేవుడే నిలబెట్టేడు!" హల్లెలూయాలతో రేకుల కప్పు అదిరింది. పాస్టరు ఎలీయేజరు అప్పటికప్పుడే మెర్లిన్‌ను యౌవనస్థుల ఉపవాస కూటానికి నాయకురాలిని చేశాడు. అప్పటిదాకా సీటు రాని పిల్లగానే అందరికీ తెలిసిన మెర్లిన్‌కు అది కిరీటం.

ఈస్టరు వెళ్లిపోయింది, ఉపవాసం వెళ్లలేదు. కూటం శుక్రవారాలు పట్టే ఉపవాసం ఆమెకు వారమంతటికీ పాకింది. వానలు వెలిసి చలి దిగేసరికి మెర్లిన్ చేతి వాచీ మోచేతి దాకా జారుతోంది. "ఏటే, తినవా?" అంటే, "ప్రార్థనలో ఉన్నాను" అనేది. ప్రార్థన ఆపెయ్యమనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికుంది?

గొట్టాలు పట్టుకెళ్లడానికి విశాఖపట్నం నుంచి వచ్చిన ప్రాజెక్టు అమ్మాయి సౌందర్య, ఆ ఇంట్లో టీ తాగుతూ మెర్లిన్‌ను చూసి గ్లాసు కింద పెట్టేసింది.

"మగ్దలేనమ్మగారూ, మీ అమ్మాయి శాంపిల్ తీసుకోలేదేం?"

"అది జబ్బు గాదు మేడమ్, ఉపవాసం."

"ఎన్నాళ్లుగా?"

మగ్దలేనమ్మ వేళ్లు మడవబోయి ఆగిపోయింది.

సౌందర్య తనే గొట్టం తీసి, అలవాటు కొద్దీ అడిగింది. "అరగంట నుంచీ ఏమీ తినలేదు కదా?"

"అరగంటేటి మేడమ్?" అని మెర్లిన్ నవ్వింది. పెదవి పగిలి నెత్తురు కనిపించింది.

ఉమ్మి రాలేదు. మగ్దలేనమ్మ ముందుకు జరిగి, "పచ్చి సింతకాయే, ఉప్పూ కారం..." అని మొదలెట్టింది. కుళ్లిన మాంసం ముందు పెట్టినట్టు కూతురు రెండు చేతులతో నోరు మూసుకుంది. "ఆపమ్మా! ఆ మాట ఆపు!" అంటూ లోపలికి వెళ్లిపోయింది. గొట్టం అడుగు కూడా తడవలేదు.

"మీ కుటుంబంలో ఇదివరకు ఎవరైనా ఇలా తిండి మానేశారా?" సౌందర్య కాగితం తీసింది.

లేదనే అనబోయింది మగ్దలేనమ్మ. పాచిపెంటలో పుట్టింట ఆమె చెల్లెలు ఇరవై నిండకుండానే ఎండిపోయి చనిపోయింది. జ్వరమని ఊరందరికీ చెప్పారు. ఆ పిల్ల అన్నం ముద్దలు పరుపు కింద దాచడం చూసింది మగ్దలేనమ్మ ఒక్కతే.

"మా సెల్లి," అంది. "అదీ రాసుకోండి. మెచ్చుకున్నారా అనీసి అడుగుతారు గదా, అదీ రాసుకోండి. నానే, మైకులో. రక్తమూ నాదే, ఇల్లూ నాదే. బెంగుళూరోలు నన్నడిగితే నానే సెప్పుదును." ఖాళీ గొట్టానికి మూత బిగిస్తూ అడిగింది. "మరి దీనికి మందేటి మేడమ్?"

సౌందర్య తల దించుకుంది. "ఇది కారణం వెతకడానికేనండి. వైద్యం ఇందులో లేదు." మళ్లీ తనే, "పెద్దాసుపత్రిలో చేర్చండి. ఆలస్యం చేస్తే గుండె మీదికి వస్తుంది" అంది.

మెర్లిన్ రానంది. "క్రిస్మస్ దాకా మొక్కుకున్నాను. కూటం నాది." ఎలీయేజరూ అదే పాట పాడాడు. "దేవునికిచ్చిన మాట మధ్యలో తెంపకూడదమ్మా. సాక్ష్యం చెప్పింది నువ్వే కదా?"

ఆదివారం ఎవరూ పిలవకుండానే మగ్దలేనమ్మ మైకు దగ్గరికి నడిచింది.

"ఈస్టరప్పుడు నాను సెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకుంతన్నాను. నిలబెట్టింది దేవుడు గాదు. మా గుంటకి జబ్బు. మా సెల్లి పోనాదీ దీంతోనే."

మైకు ఆపేశారు. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు.

"సాతాను మాట్లాడిస్తున్నాడు, కూర్చో!" ఎలీయేజరు అరిచాడు.

"సాతాను సంగతి తరవాత సూద్దుం అయ్యగారూ. ముందు దాన్ని నాయకురాలి పన్లోంచి తీసీండి."

అవమానంతో ఆయన తీసేశాడు. అందరి ముందూ, అక్కడికక్కడే.

భర్త నతానియేల్ సర్వీసు జీపు నడుపుతాడు. కూటమే పోయాక మెర్లిన్ ఇంక రానని మొండికెయ్యలేదు; ఆ పూట బేరాలు మానుకుని తల్లీకూతుళ్లను కొండ దింపాడు. దారి పొడుగునా మెర్లిన్ ఒకే మాట అంది. "నాకున్న ఆ ఒక్క పేరూ నేకుండా సేసీసేవు."

ఆసుపత్రిలో ముక్కులోంచి గొట్టం వేశారు. ఉమ్మి చాలనందున మెర్లిన్ నంబరు కొట్టేశామని ప్రాజెక్టు ఆఫీసు నుంచి ఫోనుకు సందేశం వచ్చింది. మగ్దలేనమ్మ చదివి ఫోను బోర్లించింది.

పన్నెండో రోజున మెర్లిన్ రెండు చెంచాల జావ మింగింది. వాళ్లమ్మ బయటికి వెళ్తేనే మింగుతానని నర్సుతో చెప్పిందట. ఆ పూట నుంచీ మగ్దలేనమ్మ వార్డు బయట బెంచీ మీదే కూర్చుంటోంది.