గ్రహణం వేళ తరిగిన కూర

“మీ కోడలికి ఈ మాట చెప్తారుగా, పెద్దమ్మా?”

“వెళ్ళగానే చెప్తానమ్మా.”

తెనాలిలో నేను రైలు దిగుతుంటే మేమిద్దరం ఆఖరుగా అనుకున్న మాటలివి. బాపట్లలో ఎక్కి నా పక్కన కూర్చున్న ఆ అమ్మాయి క్యాన్సర్ కణాల మీద పరిశోధన చేస్తోందట. మా మనవరాలికి మూడేళ్ళకే నరాల క్యాన్సర్ వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు తను గ్రహణం వేళ కూర తరిగినందుకేనని కోడలు తిండి మానేసింది. అదే ఆ అమ్మాయికి చెప్పుకున్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. “కత్తిపీట తప్పేం లేదు పెద్దమ్మా. కడుపులో ఉన్నప్పుడే, నరాలు కావాల్సిన కణాలు కొన్ని అలా మారకుండా ఉండిపోతాయి. పెరగమని చెప్పే జీన్ కొందరు పిల్లల్లో ఒకటికి పదై, ఆపకుండా పెరగమంటూనే ఉంటుంది. తల్లి చేసిందేం కాదండి.”

ఇంటికొచ్చి చెబితే, తనను ఓదార్చడానికే నేనలా అంటున్నానంది కోడలు. అందుకే ఇదంతా దాని చేతే రాయిస్తున్నాను. ఇదిగో కోడలమ్మా, రైల్లో ఆమె అన్నది ఇప్పుడు నువ్వే పైకి చదువు. నేను వింటాను.