పుల్ల గీసి చూసే అక్క

ఆ రోజు నేను అబద్ధం చెప్పాను, అదీ బద్ధకం కొద్దీ.

విరుదునగర్‌లో పాత లాప్‌టాప్‌లు అమ్మే నా అంగడికి కోవిల్‌పట్టి నుంచి ఒక అక్క వచ్చింది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని. ప్రతి కట్టలోంచి ఒక పెట్టె తీసి, పుల్ల గీసి చూశాకే పంపుతుందట. మర్నాడు కూతురు ఇంటి నుంచే కాలేజీ పరీక్ష రాయాలి. అందుకు విండోస్ బదులు లినక్స్ నడిచే లాప్‌టాప్ కావాలంది.

"ఒగతూరి లినక్స్ ఏసి చూపిచ్చు తంబీ. వైఫై నిలుస్తాదా?"

"చూసిందేనక్కా. నామీద నమ్మకం లేదా?"

"ఉండాది. మా మేస్త్రీ మీదా ఉండాది. అయినా పుల్ల గీస్తానే గదా!"

నవ్వేశాను. లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి చూపిస్తే పది నిమిషాల పని. అదీ చేయలేదు.

అక్క కొనుక్కెళ్లిన లాప్‌టాప్‌లోని వైఫై చిప్ లినక్స్‌తో సరిగా కలవని రకం. పరీక్ష మధ్యలో నెట్ తెగిపోయి, మళ్లీ రాలేదు.

సంగతి తెలియగానే లినక్స్‌తో బాగా పనిచేసే వైఫై కార్డు తీసుకుని కోవిల్‌పట్టి బస్సెక్కాను. అక్క తిట్టలేదు.

"చూడకుండా తెస్తిని. తప్పు నాదే తంబీ" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. కార్డు మార్చి, నడిపి చూపించి, తల్లీకూతుళ్లతో కాలేజీకి వెళ్లాను.

"మీరెవరు?" అని మాస్టారు తమిళంలో అడిగారు.

"ఈ లాప్‌టాప్ అబద్ధం చెప్పి అమ్మినవాణ్ని సార్. అమ్మాయికి మళ్లీ పరీక్ష పెట్టండి."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఒప్పుకునేదాకా నేను గుమ్మం దగ్గర నుంచి కదల్లేదు.