తెర మీద పెంచుకున్న చూపు

మా పాపను లింగంపల్లిలోని ప్లేస్కూల్లో నేనే కారులో దింపాలని నిరుడు డ్రైవింగ్ నేర్చుకున్నాను. రోడ్డంటే భయం పోక, ఇంట్లో మావారు ఆడే రేసింగ్ గేమ్ స్టీరింగ్ పట్టుకుని సాధన చేసేదాన్ని. రెండు పక్కల అద్దాలూ తెర మీద కనబడాలని ఎంత వెడల్పున దృశ్యం కనబడాలో చెప్పే 'ఫీల్డ్ ఆఫ్ వ్యూ' సెట్టింగ్ బాగా పెంచుకున్నాను.

"అంత పెంచితే ముందున్న బండ్లు చిన్నగా, దూరంగా కనిపిస్తాయి. తగ్గించు," అనేవారు మావారు.

"పక్కనుంచి ఎవరొస్తున్నారో నాకు తెలియొద్దూ?" అనేదాన్ని.

మొదటిసారి పాపను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బయలుదేరిన రోజు, చందానగర్ దగ్గర ముందున్న కారు మీదికొచ్చేసినట్టు అనిపించింది. ఆటలో అంత పెద్దగా కనిపించిందంటే గుద్దుకున్నట్టే. గట్టిగా బ్రేక్ తొక్కాను. వెనకొస్తున్న క్యాబ్ కీచుమంటూ మా కారుకు జానెడు దూరంలో ఆగింది.

డ్రైవర్ దిగొచ్చాడు. "ఏందమ్మా, ముందు రోడ్డంత ఖాళీగుంటే గిట్ల ఆపుతవా?" అని, ఏడుస్తున్న పాపను చూసి గొంతు తగ్గించాడు. "జర పైలం."

నిజమే, ముందు కారు చాలా దూరంలో ఉంది; తెర మీద బండ్లను చిన్నగా చూసి అలవాటైన నా కళ్లకే దగ్గరగా అనిపించింది.

ఇప్పుడు పాప పడుకున్నాక ఆ సెట్టింగ్ తగ్గించి ఆడుతున్నాను. పక్కలు కనబడక మనసు కుదురుగా ఉండదు. కానీ అన్నివైపులా ఒకేసారి చూడాలన్న నా ఆత్రమే ఆ రోజు వెనక సీట్లో ఉన్న పాప మీదికి ఆ క్యాబ్‌ను తెచ్చింది.