దుంగ తీయని పిల్లలు

ముంచింగిపుట్టు దగ్గర బడిలో ఇంగ్లీషు టీచరుగా చేరిన మొదటి ఏడాది, వేసవి సెలవులకు ఊరెళ్లే విశాఖ బస్సు అందుకోవడానికి సర్వీసు జీపులో బయలుదేరాను. మన్యంలో గిరిజనులు చేసుకునే ఇటుకల పండుగ రోజులవి. మగవాళ్లు వేటకు వెళ్తే, ఆడవాళ్లు దారికి దుంగ అడ్డం పెట్టి బండ్లను ఆపి డబ్బులడుగుతారు. మా జీపును ఆపింది నా క్లాసు ఆడపిల్లలే! డబ్బులిచ్చినా దుంగ తీయలేదు. "మీ గుంటలే మిమ్మల్ని ఆపీసినారు టీచరమ్మా" అని జీపులో అందరూ ఒకటే నవ్వు. చివరికి విశాఖ బస్సు తప్పిపోయింది. అలాంటివి నేను మరిచిపోను. ఆ కోపంతోనే బదిలీకి దరఖాస్తు రాసి సంచిలో పెట్టుకున్నాను.

బడి తెరిచాక, సెలవుల గురించి ఇంగ్లీషులో రాయమన్నాను. దుంగ దగ్గర ఆపినవాళ్లలో ఒకతె, సుకిరి, పెన్సిలు కొరుకుతూ అడిగింది.

"టీచరమ్మా, 'ఎల్లనివ్వనేదు' అంటే ఇంగ్లీషులో ఏటి?"

"ఎవర్ని వెళ్లనివ్వలేదే?"

"నిన్నే. దుంగ కాడ."

"డబ్బులిచ్చాను కదే! ఇంకేం కావాలి మీకు?"

"డబ్బులకి కాదు. పోయినేడు టీచరు సెలవులకని ఎల్లి మరి రానేదు. నువ్వూ రావేమోనని దుంగ తియ్యనేదు."

సుకిరి అడిగిన మాటను ఇంగ్లీషులో బోర్డు మీద రాశాను.

దరఖాస్తు ఆరోజే చించేశాను. బస్సు తప్పించిన కోపం మాత్రం పోలేదు. ఏటా ఆ దుంగ దగ్గర జీపు దిగి, వాళ్లను నాలుగు తిట్టి, మళ్లీ వస్తానని చెప్పాకే కదులుతాను.